బిగిస్తుంటే విరిగిందా, తీస్తుంటే విరిగిందా

విరిగిన బోల్టు తీయమని నా దగ్గరకు వచ్చినవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. బిగిస్తుంటే విరిగిందా, తీస్తుంటే విరిగిందా?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇది కాస్త గుర్తు పెట్టుకోండి. బోల్టు తల ఊడి చేతిలోకి వచ్చింది, మిగతా ఒళ్లు ఇంజన్‌లోనే ఉండిపోయింది అనుకుందాం. బిగిస్తుంటే విరిగినదైతే లోపలి ముక్కకు పెద్దగా పట్టు ఉండదు. దాన్ని బిగువుగా లాగి పట్టుకున్నది ఆ తలే, ఇప్పుడు ఆ తలే లేదు. ఉలిలాంటి సన్న పంచ్ ఒకటి దాని అంచుకు ఆనించి ఎడమ వైపుకు మెల్లమెల్లగా కొడితే చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. తీస్తుంటే విరిగినదైతే వేరే కథ. అది తుప్పు పట్టి ఇంజన్‌ను కరిచి ఉంటుంది కాబట్టే విరిగింది. దాన్ని సరిగ్గా నడిమధ్య తొలవాలి, తొలిచిన రంధ్రంలో ఇంకో పనిముట్టు దింపి తిప్పాలి. ఆ పనిముట్టును ఈజీ అవుట్ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు దాన్ని ఎన్నడూ చేత్తో పట్టుకుని ఉండడు. మొదటిది చాయ్ చల్లారేలోపు అయ్యే పని, రెండోదానికి రోజంతా సరిపోకపోవచ్చు.

తమాషా ఏమిటంటే, నాచారంలో నేను లేతు మిషను పెట్టుకుని రేకుల షెడ్డు నడిపినన్నాళ్లూ ఒక్క మెకానిక్ కూడా బిగిస్తుంటే విరిగిందని నాతో చెప్పలేదు. అందరిదీ తీస్తుంటేనే విరిగింది. తీస్తుంటే విరిగితే తప్పు తుప్పుది. బిగిస్తుంటే విరిగితే తప్పు చేతిది. తుప్పుకు పరువు లేదు కాబట్టి దాని మీదికి నెట్టేయడం తేలిక. నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. అడగడం నా అలవాటు, అబద్ధం చెప్పడం వాళ్ల అలవాటు, ఆ తర్వాత పంచ్ పెట్టి చూస్తే నిజం దానంతట అదే తెలిసిపోయేది. ఒక్కసారి మాత్రం పంచ్ కూడా నాకు నిజం చెప్పలేదు. ఆ రోజు సంగతి ఇది.

ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలో ఒక గ్యారేజీ ఉండేది. ఓనరు నడివయసువాడు, మాట మంచిది, తొందర ఎక్కువ. పనంతా ఒక పెద్దాయన చేతి మీద నడిచేది. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నాకన్నా వయసులో పెద్ద, నన్ను తమ్మి అనేవాడు. జనగామ వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి లారీల కింద పడుకుని పని నేర్చినవాడు. ఆయన చేసిన బండి అదే రోగంతో మళ్లీ గ్యారేజీ గడప తొక్కదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో కూతురి పెళ్లి జరుగుతున్నా ఆయన ధ్యాస జాకీ మీద నిలబెట్టి వచ్చిన బండి మీదే ఉండేదని ఓనరు ఏడిపించేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. కొత్త కార్లు వచ్చాక ఓనరు టార్క్ పానా ఒకటి కొన్నాడు. బోల్టుకు ఎంత బిగువు కావాలో దానికి ముందే చెప్పి పెడితే, అంత కాగానే టక్కుమంటుంది, అక్కడితో ఆపేయాలి. ఉస్తాద్ దాన్ని కాదనలేదు. అది టక్కుమనేదాకా తిప్పేవాడు, భద్రంగా తుడిచి దాని పెట్టెలో పెట్టేవాడు. ఆ తర్వాత తన పాత పానా తీసి ఒక్కో బోల్టుకూ ఇంకొంచెం తిప్పేవాడు.

"గిదేంది ఉస్తాద్, అది టక్కుమన్నది గద?" అని ఒకసారి అడిగాను.

"అది తూకం తమ్మి. ఇది కొసరు" అన్నాడు. "కూరగాయలు జోకినంక నాలుగు మిరపకాయలు పైన ఎయ్యనోని కాడికి మల్ల ఎవరన్న పోతరా?"

నేను నవ్వి ఊరుకున్నాను. లారీల కాలంలో ఆ కొసరు చెల్లింది. బొటనవేలంత బోల్టులు, ఇనుప ఇంజన్లు, ఎంత కొసరేసినా కిక్కురుమనేవి కావు. ఇప్పటి చిన్న కార్ల బోల్టులు చిటికెన వేలంత ఉండవు, దిగేది అల్యూమినియంలోకి. వాటికి తూకమే భోజనం, కొసరు అజీర్తి. కానీ ఆయన వయసుకు, ఆ పేరుకు ఎదురు నిలబడి ఈ మాట చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. నేనూ చుట్టుపక్కలవాణ్ణే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఓనరు ఫోన్ చేశాడు. "మామా, జర జల్ది రా. వాటర్ పంపు బోల్టు ఇరిగి లోపల్నే కూసున్నది. బండి ఇయ్యాల్నే పోవాలె."

సంచీ సర్దుకుని వెళ్లాను. డీజిల్ కారు, ముందు చక్రం ఊడదీసి ఉంది, ఇంజన్ కింద జాకీ పెట్టి ఉంది. పక్కనే ప్లాస్టిక్ స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. కారు ఆమెది, నడిపేదీ ఆమే. ఉండేది చెంగిచెర్ల. అక్కడి కాలనీల నుంచీ బోడుప్పల్ నుంచీ పోచారం ఐటీ క్యాంపస్‌లో పనిచేసే ఆడపిల్లలను పొద్దున షిఫ్టుకు తీసుకుపోయి దింపుతుంది. మగ డ్రైవర్లు ఉండగా ఆ రూట్ ఆమెకు రావడమే కష్టమైందట. అంతకుముందు వారం నీళ్లు కారిపోయి, ఇంజన్ వేడెక్కి, దారిలో కడుతున్న వంతెన పిల్లర్ల మధ్య బండి ఆగిపోయింది. పిల్లలు రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. బండ్లు పెట్టే కాంట్రాక్టరు ఒకటే మాట చెప్పాడు. సోమవారం షిఫ్టుకు ముందు బండి బాగుచేయించి గేటు దగ్గర చూపించాలి, లేదంటే రూట్ ఇంకొకరికి.

"రేపు పొద్దుగాల నేను గేటు కాడ ఉండాలె అన్న" అంది నాతో. ఏడుపు లేదు, బతిమాలడం లేదు, ఉన్న సంగతి చెప్పింది. నాకు ఆ మనిషి నచ్చింది.

ఉస్తాద్ గోడ పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అలవాటు ప్రకారం అడిగాను. "బిగిస్తుంటే ఇరిగిందా ఉస్తాద్, తీస్తుంటే ఇరిగిందా?"

"తీస్తుంటే" అన్నాడు.

వేరేవాళ్లు ఆ మాట అంటే నేను లోపల నవ్వుకునేవాణ్ణి. ఉస్తాద్ అన్నాడు కాబట్టి నమ్మాను. అయినా నా పద్ధతి నాది. అద్దం ముక్క పెట్టి రంధ్రంలోకి చూశాను, ముక్క లోతుగానే ఉంది. సన్న పంచ్ ఆనించి ఎడమ వైపుకు కొట్టాను. కదలలేదు. చోటు మార్చి కొట్టాను, అయినా కదలలేదు. సరే, తుప్పే అనుకున్నాను. తుప్పయితే తొలవాలి. తొలవాలంటే ఆ సందులో డ్రిల్లు పట్టదు, ఇంజన్ కిందికి దించాలి.

"ఇయ్యాల కాదు" అన్నాను. "దించి, తొలిచి, మల్ల ఎక్కించేవరకు రేపు సాయంత్రం అయితది."

ఓనరు నెత్తి పట్టుకున్నాడు. ఆమె స్టూలు మీద నుంచి లేచి, కాసేపు బండి వైపు చూసి, మళ్లీ కూర్చుంది. ఫోన్ తీసింది కానీ ఎవరికీ చేయలేదు.

పంచ్ తుడుద్దామని గుడ్డ కోసం బల్ల దగ్గరకు వెళ్లాను. బల్ల మీద కొత్త పంపు ఉంది, దాని కింద వేసే కొత్త కాగితం ప్యాకింగ్ ఉంది. పాత పంపు ఊడదీస్తుంటేనే బోల్టు విరిగిందంటే, కొత్త ప్యాకింగ్ ఇంకా ముట్టుకోనట్టే ఉండాలి కదా. ఇది అట్లా లేదు. పంపు అంచు దాని మీద అచ్చు పడి ఉంది. బోల్టు రంధ్రాల చుట్టూ నీళ్లు కారకుండా మరలకు పూసే గమ్ము పిండుకుని ఎండిపోయి ఉంది. అంటే కొత్త పంపు ఎక్కింది, బోల్టులన్నీ బిగిశాయి, ఒకటి విరిగింది, ఆ తర్వాత పంపు మళ్లీ కిందికి దిగింది.

పంచ్ నాకెందుకు అబద్ధం చెప్పిందో అప్పుడు అర్థమైంది. లోపలి ముక్కను పట్టుకున్నది తుప్పు కాదు, ఎండిన గమ్ము. దానికి కాస్త వెచ్చ తగిలితే చాలు, వదిలేస్తుంది. ఇంజన్ దించే పనే లేదు.

తల ఎత్తి చూస్తే ఉస్తాద్ నన్నే చూస్తున్నాడు. నేను ప్యాకింగ్ చూశానని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఆయన కళ్లు దించుకున్నాడు. అంతటి మనిషి అట్లా నిలబడితే నాకు బాగా అనిపించలేదు. ఓనరు ముందు, గిరాకీ ముందు ఆ పెద్దాయనను నిలబెట్టి అడగడం నా వల్ల కాలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని అయ్యే దారి ఉన్నప్పుడు ఎందుకు అడగాలి అనుకున్నాను.

"ఒకసారి హీట్ గన్ పెట్టి సూద్దాం" అన్నాను.

"తుప్పుకు హీట్ గన్ ఏం జేస్తది మామా?" అన్నాడు ఓనరు. సరైన ప్రశ్నే.

"ఏం జేయకుంటే అప్పుడు దించుదాం తీ. సూస్తే పోయేదేముంది."

వేడి గాలి ఆ చోటుకు పట్టించాను. గమ్ము కాలిన వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్లం అక్కడ ఇద్దరమే. పంచ్ మళ్లీ ఆనించి కొట్టాను. ముక్క కదిలింది. ఇంకో దెబ్బకు ఇంకాస్త తిరిగింది. అంచు రంధ్రం దాటి పైకి వచ్చాక సన్న మూతి పట్టకారుతో పట్టి తిప్పి బయటికి తీశాను. ఓనరు నా వీపు మీద చరిచి, "బోల్టు మామ చెయ్యి పడ్డదంటే అంతే" అన్నాడు. ఆమె ఫోన్ పక్కన పెట్టి మొదటిసారి నవ్వింది.

నా సంచీలోంచి అదే సైజు బోల్టు ఒకటి తీసి ఇచ్చాను. ఓనరు దాన్ని, విప్పి పెట్టిన మిగతా బోల్టులను కలిపి ఉస్తాద్ చేతిలో పోశాడు. "ఎక్కించు ఉస్తాద్, సాయంత్రం లోపల బండి ఇచ్చేద్దాం."

అక్కడ నాకు చిక్కు వచ్చింది. ఒక బోల్టు కొసరుకు విరిగిందంటే మిగతావాటికీ కొసరు పడే ఉంటుంది. విరగలేదు కాబట్టి అవి బాగున్నట్టు కాదు. బోల్టు విరిగే ముందు సాగుతుంది. సాగినదాన్ని మళ్లీ వేస్తే నేడు పట్టుకుంటుంది, రేపో ఎల్లుండో రోడ్డు మీద వదులుతుంది. ఆ బోల్టులన్నీ మార్చాలి. ఎందుకు మార్చాలో ఓనరుకు ఏమని చెప్పాలి? పాతబడ్డాయి అనాలా? మరలు అరిగాయి అనాలా? మొదటి అబద్ధం నాది కాదు, కానీ దాన్ని నిలబెట్టే రెండో అబద్ధం నేనే తయారు చేయాలి. లేతు మీద ఏదైనా చేయగలను కానీ ఇది నాకు చేతనైన పని కాదు. మాటలు వెతుక్కుంటూ నిలబడ్డాను.

ఉస్తాద్ బోల్టులు అరచేతిలో పట్టుకుని కదలకుండా ఉన్నాడు. ఆమె ఆయన దగ్గరకు వచ్చింది.

"కాకా, మల్ల గిట్ల కాదు గద? రేపు ఎనక సీట్ల ఆడివిల్లలు కూసుంటరు."

ఆమెకు ఏమీ తెలియదు. మామూలుగా అడిగింది. ఉస్తాద్ వంగి ఆ బోల్టులను నేల మీద పెట్టాడు.

"ఇవి ఎయ్యద్దు" అన్నాడు.

"ఎందుకు ఉస్తాద్?" అన్నాడు ఓనరు.

"అన్నిటికి కొసరిచ్చిన. సాగి ఉంటయ్." తల ఎత్తి ఓనరు వైపు చూశాడు. "అది తీస్తుంటే ఇరగలే. పంపు ఎక్కిచ్చి బిగిస్తుంటే ఇరిగింది. నా చేతులనే ఇరిగింది. పరువు పోతదని తీస్తుంటే అన్న."

ఓనరు ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, ఆమె ఉందని ఆగాడు. నేను వంగి ఒక బోల్టు తీసుకుని, దానికి కొత్త నట్టు ఎక్కించి చూపించాను. సగం దాకా తిరిగి అక్కడ ఆగిపోయింది. సాగిన చోట మరలు దూరం జరుగుతాయి, నట్టు ఇక ముందుకు పోదు. ఇంకోటి తీశాను, అదీ అంతే. వాటిలో ఒక్కటి కూడా పనికొచ్చేది లేదు.

నేను షెడ్డుకు వెళ్లి బోల్టులు ఏరుకుని వచ్చాను. వచ్చేసరికి ఓనరు టార్క్ పానా పెట్టె తెరిచి చేతిలో పట్టుకుని ఉన్నాడు. "నేనే బిగిస్తమ్మా" అంటున్నాడు ఆమెతో. ఓనరు గల్లాపెట్టె దగ్గర గట్టివాడే కానీ పానా దగ్గర అంతంత మాత్రం. అది గ్యారేజీలో అందరికీ తెలుసు.

"కాకనే బిగియ్యనీ" అంది ఆమె.

"ఇప్పుడే గదమ్మా, తన చేతుల ఇరిగిందని ఒప్పుకున్నది."

"అందుకే అంటున్న. ఇరిగితే ఇరిగిందని జెప్పెటాయన ఈడ ఒక్కడే కనవడ్డడు."

ఆ ఒక్కడు నేను కాదు. ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు, నేనేం చూశానో ఆమెకు తెలియదు కూడా. అయినా తగలాల్సిన చోట తగిలింది.

ఉస్తాద్ పానా అందుకున్నాడు. ఇంకో కొత్త ప్యాకింగ్ వేసి, పంపు ఎక్కించి, బోల్టులు ఒక్కొక్కటే బిగించాడు. ప్రతిదానికీ టక్కుమనగానే చెయ్యి తీసేశాడు. ఎండ తగ్గేవేళకు చక్రం ఎక్కింది, నీళ్లు పోశారు, ఇంజన్ స్టార్ట్ అయింది. ఇంజన్ వేడెక్కి ఫ్యాను తిరిగేదాకా ఆమె బానెట్ ఎత్తి చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వెనక తలుపు తెరిచి, "కూసో కాకా, గేటు దాక పోయొద్దం" అంది.

మెకానిక్ ట్రయల్‌కు వెళ్తే ముందు కూర్చుంటాడు, లేదా తనే నడుపుతాడు. ఉస్తాద్ ఆ సీటు వైపు చూసి, ప్యాంటుకు మడ్డి ఉందని చేత్తో చూపించాడు. ఆమె సీటు మీద పాత పేపరు పరిచింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. పోచారం ఏమంత దగ్గర కాదు. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఓనరు, నేను రోడ్డు మీద మిగిలాం.

"మామా, నీకు ముందే తెలుసు గద?" అన్నాడు. "హీట్ గన్ అన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది."

"తెలుసు."

"మరి నాకెందుకు జెప్పలే?"

"పెద్దమనిషి, పరువుంటది గద అనుకున్న."

ఓనరు తల ఊపాడు. "నిజమే. నేనైనా అదే జేస్తుంటి" అన్నాడు. మా ఇద్దరికీ అక్కడ ఏకాభిప్రాయం కుదిరింది, ఇద్దరికీ సంతోషం మాత్రం కలగలేదు. ఉస్తాద్ పరువు గురించి మేమిద్దరం అంత ఆలోచించాం. ఆయన మాత్రం తన పరువు పక్కన పెట్టి ఆ వెనక సీటు గురించి ఆలోచించాడు. మంచితనం అనుకుని నేను చేసిన పని ఎక్కడికి పోయి ఆగేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఉస్తాద్‌ను ఓనరు పంపేస్తాడని గ్యారేజీలో కొందరు అనుకున్నారు. పంపలేదు. మెచ్చుకోనూ లేదు. పని చేసే చోట ఇలాంటి వాటికి చప్పట్లు ఉండవు, అది మీరు ముందే తెలుసుకుంటే మంచిది. కొన్నాళ్లు పక్క గ్యారేజీలవాళ్లు ఆయన్ని చూసి "ఏం ఉస్తాద్, కొసరు లేదా?" అని నవ్వారు. ఆయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు ఆయనకు తేలిగ్గా వచ్చిందని నేను అనుకోను.

ఆ ఆదివారానికి మర్నాడు, సోమవారం పొద్దున నేను షెడ్డు తలుపు తీస్తుంటే ఉస్తాద్ నడుచుకుంటూ వచ్చాడు. ఆయన నా షెడ్డుకు రావడం అదే మొదలు. ఆమె ఫోన్ చేసిందా అని అడిగాను. చేసిందన్నాడు. గేటు దగ్గర బండి చూశారట, రూట్ ఆమెకే ఉంచారట. ఆ మాట ఏదో పక్కింటి సంగతిలా చెప్పేసి, లేతు పక్కన ఉన్న డబ్బా మీద కూర్చున్నాడు.

"బానెట్ ఎత్తి సూడుమన్న" అన్నాడు. "పిల్లలను దింపినంక, కిందికి వంగి సూడుమన్న. మంచిగ సూసి జెప్పుమన్న."

"ఏమన్నది?"

"సుక్క నీళ్లు గూడ కారలేదట తమ్మి" అన్నాడు. అని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.